గొలుసు వదులైతే

పోయిన వేసవిలో మా నాన్న నా 90 అడుగుల్ని 74 చేశారు. చేతిలో టేపు ఉంది, సాక్షిగా మా ఆవిడ ఉంది, అప్పీలుకి అవకాశం లేదు.

ఇక్కడ నేను ఇంతవరకూ రాసినవన్నీ పుస్తకాల గురించే. ఇది చేపలు పట్టడం గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, చేపలే లేని చోట నిలబడి, చేపలు పట్టే పనిముట్టుతో దారాన్ని ఎంత దూరం విసరగలం అన్నదాని గురించి. దీన్ని ఫ్లై కాస్టింగ్ అంటారు. కాలిఫోర్నియాకి వచ్చిన కొత్తలో ఎవరో స్నేహితుడు నది దగ్గరికి తీసుకెళ్తే మొదలైంది. ఏడేళ్ళయింది. అందులో చివరి రెండేళ్ళు దూరం పిచ్చిలో పోయాయి.

మన కాలువ గట్ల మీద గాలం వేసేవాళ్ళని అందరం చూసినవాళ్ళమే. వెదురు గడ, నైలాను దారం, ఒక బెండు, కొసన వానపాము. దూరంగా వెయ్యాలంటే చిన్న సీసం ముక్క కడతారు. విసిరేది ఆ బరువుని, దారం దాని వెనకాలే పోతుంది. ఫ్లై ఫిషింగులో ఇది తలకిందులు. కొసన ఉండేది ఈకా నాలుగు పోగుల దారమూ చుట్టిన కొక్కెం, అంటే దాదాపు బరువే లేని వస్తువు. ఈకని ఎంత బలంగా విసిరినా మన కాళ్ళ దగ్గరే పడుతుంది. అందుకని దారాన్నే బరువుగా తయారు చేస్తారు. 5 నంబరు లైనంటే దాని మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగాలని లెక్క. సుమారు 9 గ్రాములు. ఆ కాస్త బరువు 30 అడుగుల పొడవునా పరుచుకుని ఉంటుంది. విసిరేది దాన్ని. ఈక ఊరికే ప్రయాణిస్తుంది, టికెట్ లేకుండా.

ఎడ్లబండి తోలేవాళ్ళ చేతిలో చర్నాకోలా ఎలా విప్పుకుంటుందో ఈ లైను కూడా గాల్లో అలా విప్పుకుంటుంది. పక్కకి పడుకోబెట్టిన హెయిర్‌పిన్నులా ఒక మడత ఏర్పడి, ఆ మడత ముందుకి దొర్లుకుంటూ పోతుంది. దాన్ని లూప్ అంటారు. లూప్ సన్నగా ఉంటే గాలిని కోసుకుపోతుంది, వెడల్పుగా ఉంటే గాలే దాన్ని మింగేస్తుంది. ముందుకి ఇలా విసరాలంటే మొదట వెనక్కి విసరాలి. లైను వెనక్కి పోయి తిన్నగా సాగాక, అప్పుడు ముందుకి. ఎవరైనా అరగంటలో నేర్చుకుంటారు, 30 అడుగుల వరకూ. ఆ తర్వాతే కథంతా.

నా కథ నెవాడాలోని పిరమిడ్ లేక్ దగ్గర మొదలైంది. ఎడారి మధ్యలో పెద్ద ఉప్పునీటి సరస్సు, పైయూట్ తెగవాళ్ళ రిజర్వేషన్లో ఉంది. చేపలు పట్టడానికి అనుమతి వాళ్ళ దగ్గరే కొనుక్కోవాలి. అక్కడుండే లహోంటన్ కట్‌త్రోట్ ట్రౌట్‌ చరిత్ర ఒక నవలకి సరిపడేంత ఉంది. 1905లో ట్రకీ నది మీద కట్టిన డెర్బీ డ్యామ్‌తో నీళ్ళు పక్కకి మళ్ళి, గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే దారి మూసుకుపోయి, 1940ల కల్లా ఆ సరస్సులో అసలు జాతి అంతరించింది. చాలా ఏళ్ళకి యూటా సరిహద్దుల్లో పైలట్ పీక్ కొండవాగులో, ఎప్పుడో ఎవరో తెచ్చి వదిలిన చేపల సంతానం బయటపడింది. వాటిని మళ్ళీ పెంచి ఈ సరస్సులో వదిలారు. చలికాలంలో ఇవి ఒడ్డుకి సమాంతరంగా, లోతు హఠాత్తుగా మొదలయ్యే అంచు వెంట తిరుగుతుంటాయి. వాటికోసం జనం ఇళ్ళలో బల్బులు మార్చే అల్యూమినియం నిచ్చెనలు తెచ్చి, నడుం లోతు నీళ్ళలో పాతి, వాటి మీద వరసగా నిలబడతారు. మొదటిసారి చూసినప్పుడు ఏదో సినిమా సెట్టింగనుకున్నాను.

ఫిబ్రవరి, ఎదురుగాలి. నా పక్క నిచ్చెన మీద అరవై దాటిన ఒకావిడ. ఆవిడ లైను అంచు దాటి పడుతోంది. నాది అంచుకి పది, పదిహేను అడుగులు ఇవతల. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆవిడ నాలుగు చేపలు పట్టింది, పట్టినవాటిని నీళ్ళలోనే ఉంచి వదిలేసింది. నేను పట్టింది జలుబు. మామూలుగా ఈ విద్యలో అందరూ ఒక మాట చెబుతుంటారు, ట్రౌట్ చేపలన్నీ 40 అడుగుల లోపే పడతాయి, దూరం గొప్ప కోసమే అని. అది చాలావరకు నిజమే. ఆ రోజు మాత్రం నేను 40 అడుగుల లోపలి మనిషిని, చేపలు 70 అడుగుల అవతలివి.

పుస్తకాలు చదివేవాడికి ఏ కష్టం వచ్చినా ముందు పుస్తకాలే గుర్తొస్తాయి. నార్మన్ మెక్లీన్ 1976లో అచ్చు వేసిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ నాకు ఎప్పటినుంచో ఇష్టం. అందులో పాస్టరు తండ్రి కొడుకులకి మెట్రోనోమ్ పెట్టి, నాలుగు లెక్కల తాళంలో, గడియారం ముల్లు పది నుంచి రెండు మధ్య ఆడినట్టు కాస్టింగ్ నేర్పుతాడు. 1992లో రెడ్‌ఫర్డ్ దాన్ని సినిమాగా తీశాక, ఆ పదీ-రెండూ లోకమంతా పాకింది. నేనూ అక్కడే నేర్చుకున్నాను. ఆ పుస్తకం మీద నాకున్న ప్రేమ తగ్గలేదు గానీ, దూరం విషయంలో అది నన్ను కొన్నేళ్ళు వెనక్కి లాగిందనే చెప్పాలి. పదికీ రెండుకీ మధ్య కర్ర ఆడే జాగా చిన్నది. 30 అడుగులకి చక్కగా సరిపోతుంది. గాల్లో మోసే లైను పెరిగేకొద్దీ కర్ర ఇంకా ఎక్కువ వంగాలి, ఇంకా పొడుగు దారిలో కదలాలి. నలభై ఏళ్ళు ఈ గడియారంతో పోట్లాడిన లెఫ్టీ క్రే చెప్పింది స్థూలంగా ఇదే. ఆయన కర్రని తన భుజం వెనక్కి చాలా దూరం పోనిచ్చేవాడు. మెక్లీన్ రాసింది నవల, శిక్షణ గ్రంథం కాదు. నేనే ఆ తేడా మర్చిపోయాను.

రెండో పుస్తకం మెల్ క్రీగర్‌ది, ‘ది ఎసెన్స్ ఆఫ్ ఫ్లై కాస్టింగ్’, 1987. క్రీగర్ శాన్ ఫ్రాన్సిస్కో మాస్టారు, 2008లో పోయారు. నేర్చుకోడానికి వచ్చేవాళ్ళని ఆయన రెండు రకాలుగా విడదీశారు, కవులూ ఇంజనీర్లూ అని. ఇంజనీరుకి ఎందుకలా జరుగుతోందో చెప్పాలి. కవికి ఎలా అనిపిస్తుందో చెబితే చాలు. ఇది చదివి నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. పగలు కోడ్ రాస్తాను, రాత్రి కవిత్వం మీద వ్యాసాలు రాస్తాను, రెండు పడవలూ నావేననుకున్నాను. తర్వాత తెలిసింది, చెయ్యి ఈ రెండిట్లో ఏదీ కాదని. దానికి ఎవరు ఏం చెప్పినా ఎక్కదు, అలవాటైనదే చేస్తుంది.

ఆ మెల్ క్రీగర్ నేర్పిన చోటికే నేనూ వెళ్ళాను. గోల్డెన్ గేట్ పార్కులో, అడవిదున్నల ఆవరణకి ఎదురుగా, యూకలిప్టస్ చెట్ల మధ్య మూడు పెద్ద సిమెంటు కొలనులున్నాయి. 1938లో, మాంద్యం రోజుల ఉపాధి పథకం కింద కట్టినవి. చేపలుండవు. కేవలం విసరడం సాధన చెయ్యడానికే. ఎవరైనా వెళ్ళొచ్చు, డబ్బులు అడగరు. ప్రపంచ ఛాంపియన్ స్టీవ్ రజెఫ్ చిన్నప్పుడు ఈ గట్ల మీదే పెరిగాడు. శనివారం పొద్దున పొగమంచులో అక్కడ నిలబడితే, ఆ పక్కా ఈ పక్కా లైనులు గాల్లో విప్పుకునే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఒక ఊళ్ళో జనం ఏ ప్రయోజనమూ లేని పనికోసం ఇంత శుభ్రమైన జాగా ఎనభై ఏళ్ళకి పైగా కాపాడుకుంటూ వచ్చారంటే, ఆ ఊరి మీద గౌరవం కలుగుతుంది.

వారం మధ్యలో అంత దూరం పోలేను గనక ఇంటి దగ్గర పార్కులో గడ్డి మీద విసిరేవాణ్ణి, కొక్కెం బదులు ఉన్ని ముక్క కట్టి. లైను మీద పదేసి అడుగులకి పర్మనెంట్ మార్కరుతో గుర్తులు పెట్టుకున్నాను. 50, 60, 65. అంకె పెరుగుతుంటే మత్తుగా ఉండేది. ఆఫీసులో మేం రాసే ప్రోగ్రాములకి డాష్‌బోర్డులుంటాయి, గీత పైకి పోతుంటే అందరూ సంతోషిస్తారు, గీత దేన్ని కొలుస్తోందని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

దూరం కోసం నేను చేసింది ఒకటే, బలం పెంచడం. ముందుకి విసిరే చివరి క్షణంలో ఒళ్ళంతా ఉపయోగించి తోసేవాణ్ణి. అలా తోసినప్పుడల్లా లూప్ పై కాలు వచ్చి కింది కాలుని దాటేది. దీన్ని టెయిలింగ్ లూప్ అంటారు. దాంతో లీడరులో ముడులు పడతాయి. ఎందుకంటే కర్ర ఒక్కసారిగా ఎక్కువ వంగి, దాని కొస నడిచే దారి తిన్నగా కాకుండా మధ్యలో పల్లంలా కుంగుతుంది. లైను కర్ర కొస వెళ్ళిన దారినే పోతుంది తప్ప మనం అనుకున్న దారిన పోదు. ఇదంతా నాకు తెలుసు, బొమ్మ గీసి చూపించగలను. తెలిసీ అదే చేసేవాణ్ణి, ఎనిమిది నెలలు. చివరికి కుడి భుజం పట్టేసింది. షర్టు తొడుక్కోడానికి ఎడమ చెయ్యి సాయం కావాల్సొచ్చింది. ఫిజియోథెరపిస్టు ఆరు వారాలు కర్ర ముట్టుకోవద్దంది. ‘ఏం ఆడతారు?’ అనడిగింది. చెప్పాను. రాసుకుంటూ, ‘అందులో ఇంత దెబ్బ తగిలించుకోడానికి ఏముంది?’ అంది.

ఆ ఆరు వారాల్లో చదివినవాటిలో నాకు పనికొచ్చింది జోన్ వుల్ఫ్ గురించి. 1951లో జాతీయ పోటీల్లో మగవాళ్ళందరి మధ్య ఒక్కతే నిలబడి దూరం విభాగంలో గెలిచింది. 1960లో 161 అడుగులు విసిరింది. ఆ పోటీల సరంజామా వేరు, మన మామూలు కర్రతో పోల్చకూడదు. అయినా ఆవిడ చిన్నపాటి మనిషి. యవ్వనంలో డాన్సు నేర్పేది. భుజబలమే దూరమైతే ఈ లెక్క కుదరదు కదా? ఇది చదివి కూడా, భుజం బాగవగానే మళ్ళీ తోయడం మొదలెట్టాను. ఈసారి కాస్త తెలివిగా తోస్తున్నానని అనుకుంటూ.

అప్పుడు అమ్మా నాన్నా వచ్చారు. నాన్న సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మండల సర్వేయరుగా ముప్ఫై ఏళ్ళు గట్ల తగాదాల మధ్య నడిచిన మనిషి. చిన్నప్పుడు మా ఇంటి వరండాలో గోనెసంచిలో ఒక ఇనప గొలుసుండేది. గంటర్ గొలుసు. 66 అడుగులు, 100 లింకులు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉంటే ఎకరం. గుంటూరు నుంచి వచ్చింది కాబట్టి గుంటూరు గొలుసు అంటారని చాలా ఏళ్ళు నమ్మాను. నాన్న కూడా సరిదిద్దలేదు. ఆయనకి నవ్వొచ్చి ఉంటుంది.

అమెరికాలో తల్లిదండ్రులకి పగళ్ళు చాలా పొడుగ్గా ఉంటాయి. సాయంత్రం పార్కుకి పోతుంటే నాన్న కూడా వచ్చేవారు. మొదటి రోజు బెంచీ మీద కూర్చుని చాలాసేపు చూశారు.

“చేపలేవిరా?”

“ఇక్కడుండవు నాన్నా. ఇది ప్రాక్టీసు.”

“మరి ఎప్పుడు పడతావ్?”

“నెలకోసారి వెళ్తాను.”

“పట్టి తెస్తావా?”

“వదిలేస్తాను.”

ఆయన ఇంకేమీ అనలేదు. ఆ మౌనంలో నా బీటెక్ ఫీజులన్నీ ఒకసారి లెక్క వేసుకున్నారని నాకు అనిపించింది. కొంచెం సేపటికి, ఆయన్ని ఆకట్టుకుందామని కాబోలు, “ఇప్పుడు 90 అడుగులు వేస్తున్నా,” అన్నాను. ఎలా కొలిచావన్నారు. చెప్పాను. చేతి దగ్గర 80 గుర్తు వచ్చేదాకా లైను పోతోంది. కర్ర ముందుకే చాచి ఉంటుంది గనక అక్కడి నుంచి అంతా లెక్కలోకి వస్తుంది. చివర లీడరు 9 అడుగులు. మొత్తం 89. కొంచెం అటూ ఇటూ.

“అది నువ్వు వదిలిన దారం. పడిన దూరం ఎంత?”

మర్నాడు హోమ్ డిపోకి తీసుకెళ్ళమన్నారు. 100 అడుగుల టేపు కొన్నారు, డబ్బులు తనే ఇచ్చారు. సాయంత్రం మా ఆవిడ చేత నా కాలి బొటనవేలి దగ్గర టేపు కొస పట్టించి, ఉన్ని ముక్క పడిన చోటికి తను నడిచారు. 74 అడుగుల 4 అంగుళాలు. రెండోది 71. మూడోది 73. నేను గొడవ పెట్టుకోలేదు గానీ మొహం మాడింది. అప్పుడు ఆయన గడ్డి మీద పడున్న లైను చూపించారు. పాము నడిచినట్టు వంకర్లు. చివర లీడరంతా కుప్ప. నా లెక్కలో తప్పు లేదు, లైను తిన్నగా పడి ఉంటే. ఆ పదిహేను అడుగులూ వంకర్లలోనే ఉన్నాయి.

“గొలుసు వదులుగా పడితే ఏమవుద్దో తెలుసా? పొలం పెరుగుద్ది. కాగితం మీద. కొలిపించుకున్నోడు సంతోషంగా పోతాడు. పక్కోడు కోర్టుకి పోతాడు.”

గొలుసు సర్వేలో నిజంగానే అంత. గొలుసు బిగించి పట్టకపోయినా, తిన్నటి గీత మీద నడవకపోయినా, వచ్చే కొలత అసలు దూరం కన్నా ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. తక్కువ రావడమన్నది ఉండదు. అంటే ఆ తప్పు కొలిచేవాడికి ఎప్పుడూ అనుకూలంగానే ఉంటుంది. అందుకే పట్టుకోవడం కష్టం. పోటీల్లో ఫ్లై పడిన చోటికే ఎందుకు కొలుస్తారో, లైను ఎంత వదిలాడని ఎందుకు అడగరో నాకు అప్పుడు బుర్రకెక్కింది. గామెల్ అనే తండ్రీకొడుకులు కాస్టింగ్‌కి ఐదు మూలసూత్రాలని రాశారు. అందులో ఒకటి లైనులో వదులు వీలైనంత తక్కువ ఉండాలన్నది. దాన్ని నేను ఎన్నోసార్లు చదివాను. చదివినప్పుడల్లా అది వేరేవాళ్ళకి చెప్పినట్టే ఉండేది.

వదులు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసుకోడానికి మా ఆవిడ పక్కనుంచి స్లో మోషన్‌లో వీడియో తీసింది. ఇంట్లో టీవీకి పెట్టి అందరం చూశాం. అమ్మ కూడా, కూర కోసుకుంటూ. లైను వెనక్కి పోతోంది, ఇంకా హెయిర్‌పిన్ను పూర్తిగా విప్పుకోలేదు, చివరి పది పన్నెండు అడుగులు ఇంకా మడతలోనే ఉన్నాయి. ఈలోపే నా చెయ్యి మెల్లిగా ముందుకి పాకుతోంది. నాకు తెలియకుండానే. దీన్ని క్రీప్ అంటారు. దాని ఖరీదు రెండు రకాలు. కర్ర కదలడానికి ఉన్న జాగా ముందే కొంత ఖర్చయిపోతుంది. మిగిలిన చిన్న జాగాలో మొత్తం బలం కుక్కాలి, కాబట్టి టెయిలింగ్ లూప్ వస్తుంది. రెండోది, కదలిక మొదట్లో కర్ర లాగేది లైనుని కాదు, ఆ వదులుని. అది బిగిసేసరికి సగం దారి అయిపోతుంది. ఎనిమిది నెలలు నేను భుజం అరగదీసుకున్నది ముందుకి వేసే బలంలో తప్పుందనుకుని. తప్పు వెనకాల ఉంది, నేను ఎప్పుడూ చూడని వైపు.

“ఆగట్లేదు నువ్వు,” అన్నారు నాన్న. అంతే.

ఆగడం కూడా ఒక కొలతే. లైను ఎంత పొడుగుంటే అంత సేపు ఆగాలి. 30 అడుగులకి కన్ను మూసి తెరిచేంత. 60 అడుగులు గాల్లో ఉన్నప్పుడు ఆ విరామం ఎంత పొడుగంటే, పూర్తిగా ఆగితే లైను కింద పడిపోతుందేమో అని భయమేస్తుంది. ఆ భయమే చేతిని ముందుకి పాకిస్తుంది. దానికి మేం చేసిన పని కాస్త నవ్వులాటగానే ఉంటుంది. నాన్న నాకు పక్కగా, వెనక 50 అడుగుల దూరంలో, లైను తగలనంత ఎడంగా నిలబడేవారు. లైను పూర్తిగా తిన్నగా అయిన క్షణాన “ఆఁ” అని అరిచేవారు. అప్పుడే నేను ముందుకి వెయ్యాలి. గొలుసు పట్టినప్పుడు వెనక మనిషి ముందు మనిషికి కేక వేసినట్టు. కుక్కల్ని తిప్పడానికి వచ్చినవాళ్ళు ఆగి చూసేవారు. మొదట్లో ఆయన కేకకి ముందే నా చెయ్యి కదిలిపోయేది. రెండు వారాలకి కేకా చెయ్యీ కలిశాయి. ఇంకో వారానికి, ఆ కేక వచ్చే వేళకి కర్ర చేతిలో సన్నగా ఒక లాగుడు తెలియడం మొదలైంది. అది ఎప్పుడూ ఉండేదే. నేను అక్కడిదాకా ఆగలేదు.

ఆగినప్పుడు చెయ్యి ఖాళీగా ఉండక్కర్లేదని తర్వాత తెలిసింది. లైను వెనక్కి విప్పుకుంటున్నప్పుడు కర్రని కూడా దానితోపాటే ఇంకొంచెం వెనక్కీ పైకీ పోనివ్వొచ్చు. డ్రిఫ్ట్ అంటారు, క్రీప్‌కి సరిగ్గా ఎదురు. ముందుకి వేసే దారి దానితో పొడుగవుతుంది. పాకే చెయ్యికి ఇంకో పని అప్పజెప్పడం లాంటిది, పిల్లాడి చేతిలో ఫోను తీసేసుకుని బొమ్మ పెట్టినట్టు. ఇక ఎడమ చేతి పని, డబుల్ హాల్. 1930ల్లో పోర్ట్‌లాండుకి చెందిన మార్విన్ హెడ్జ్ దీన్ని పోటీల్లోకి తెచ్చి అందర్నీ నోరెళ్ళబెట్టించాడు. కర్ర వేగం అందుకుంటున్నప్పుడు ఎడమ చేత్తో లైనుని కిందికి లాగి, కర్ర ఆగగానే ఆ లాగిన లైనుని తిరిగి ఇచ్చేయాలి. వెనక్కి ఒకసారి, ముందుకి ఒకసారి. లాగడం అందరికీ వస్తుంది. తిరిగి ఇవ్వడం రాదు. ఇవ్వకపోతే మళ్ళీ వదులే. కర్ర లేకుండా ఉత్త చేతులతో దీన్ని కెమెరా ఆపిన మీటింగుల్లో సాధన చేశాను. ఒకసారి కెమెరా ఆపలేదు.

నాన్నావాళ్ళు ఆగస్టు చివర్లో వెళ్ళిపోయారు. అప్పటికి 82. ఈసారి అసలైన 82, లైను ఈనె పుల్లలా పడిన 82. భుజం ఒక్కసారి కూడా నొప్పెట్టలేదు. అక్టోబరులో కొలనుల దగ్గర మాలో మేం ఒక చిన్న పోటీ పెట్టుకున్నాం. 5 నంబరు లైను, మనిషికి ఆరు నిమిషాలు, అన్నిట్లోకీ దూరమైనది లెక్క. నా వంతు వచ్చేసరికి చేతులు చెమటలు పట్టాయి. మొదటి నాలుగు కాస్టులూ పాత అలవాటే, ముడులతో సహా. ఐదోసారి వెనక్కి తిరిగి లైనుని చూస్తూ ఆగాను. 87. గెలిచిన కుర్రాడు 108 వేశాడు. వాడికి ఇరవై ఉండవు. నాకు ఆ రాత్రి 108 గుర్తు రాలేదని చెబితే అబద్ధం.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

“టేపు ఎవరు పట్టారు?”

“వాళ్ళే. ఇద్దరు.”

“బిగించి పట్టారా?”

“పట్టారు.”

“అయితే సరే,” అన్నారు. తర్వాత మోకాలి నొప్పి గురించీ, ఊళ్ళో రీసర్వే గురించీ మాట్లాడుకున్నాం.

ఇక్కడితో ఆపితే ఇది గెలుపు కథలా ఉంటుంది. అది నిజం కాదు. ఆ పోటీకి ముందు నేను పోటీల కోసమే తయారుచేసే 120 అడుగుల లైను ఒకటి కొన్నాను. మామూలు లైనులో బరువంతా మొదటి 35, 40 అడుగుల్లోనే ఉండి, వెనక సన్నటి దారం ఉంటుంది. ఆ బరువు భాగాన్ని గాల్లో ఊపి, మిగతాదాన్ని జారవిడవాలి. సన్నటి భాగాన్ని కూడా ఎక్కువ ఊపితే లూప్ కూలిపోతుంది. పోటీ లైనులో బరువు భాగం చాలా పొడుగు, ముందు కొస చాలా దూరం సన్నగా ఉంటుంది. గాల్లో ఎంతైనా మొయ్యొచ్చు. కానీ 30 అడుగుల దగ్గర దానికి బరువే ఉండదు, కర్ర వంగదు. నవంబరులో దాన్నే వేసుకుని ఉత్తరాన హ్యాట్ క్రీక్‌కి పోయాను, తెలిసి తెలిసి, మార్చడం బద్ధకమై.

హ్యాట్ క్రీక్‌లో నీళ్ళు నున్నగా, స్ఫటికంలా పారతాయి. అవతలి ఒడ్డు దగ్గర ఒక చేప పైకొచ్చి పురుగుల్ని తింటోంది. 65 అడుగులుంటుంది. రెండేళ్ళ క్రితమైతే నడిచి దగ్గరికి పోయేవాణ్ణి, వెయ్యలేను కాబట్టి. ఇప్పుడు వెయ్యగలను కాబట్టి నిలబడ్డ చోటినుంచే వేశాను. అందంగా పడింది. పడిన రెండు సెకన్లకే ఈగ నీటి మీద గీత గీసుకుంటూ పక్కకి కొట్టుకుపోయింది. నాకూ చేపకీ మధ్య నాలుగు రకాల వేగాలతో నీళ్ళున్నాయి, ఒక్కొక్కటీ లైనుని ఒక్కో వైపు లాగుతోంది. దూరం పెరిగిందంటే మధ్యలో దాటాల్సిన ప్రవాహాలు పెరిగినట్టే. మూడుసార్లు వేశాక చేప మాయమైంది. అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి, మూడోసారి లైను తీస్తున్నప్పుడు నా మోకాళ్ళకి పాతిక అడుగుల్లో ఇంకో చేప లేచింది. అది మొదటినుంచీ అక్కడే ఉందేమో. నేను దాని తల మీంచి వేస్తున్నాను.

కారు దగ్గరికి పోయి లైను మార్చుకున్నాను. తిరిగొచ్చి నీళ్ళలో మెల్లిగా, ఒక్కో రాయినీ కాలితో తడుముకుంటూ, 35 అడుగుల దూరానికి నడిచాను. పావుగంట పట్టింది. అక్కణ్ణుంచి వేసినప్పుడు మాత్రం తేడా తెలిసింది. పాతరోజుల్లో ఆ దూరానికి నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఊపేవాణ్ణి, ప్రతి ఊపుకీ లైను నీడ చేప మీద పడేది. ఇప్పుడు ఒక్కసారి వెనక్కి, ఒక్కసారి ముందుకి. మణికట్టు పని తప్ప భుజానికి తెలియనే తెలియదు. లీడరు కొస దాకా తిన్నగా సాగి పడింది. 80 అడుగుల దగ్గర కప్పెట్టలేని తప్పు ఒకటుంటే, 35 దగ్గర అది కనిపించకుండా ఉంటుంది తప్ప లేకుండా పోదు. అన్నేళ్ళూ ఆ తప్పుతోనే చేపలు పట్టాను, పట్టినవి పట్టాను, పోయినవి ఎందుకు పోయాయో తెలియలేదు.

చేప రెండోసారికి తీసుకుంది. గోధుమ రంగు ట్రౌట్, జానెడు కన్నా కొంచెం ఎక్కువ. ఫోటో తీసి నాన్నకి పంపితే, ఎంత పొడుగు అని అడిగారు. కొలవలేదన్నాను. టేపు ఆయన ఇక్కడే వదిలేసి వెళ్ళారు, కారు డిక్కీలో ఉంది. వచ్చే ఫిబ్రవరికి నిచ్చెన కూడా కొనాలి.